అనగూడని రెండు మాటలు

ఠంగ్... గర్‌ర్... ఠంగ్.

ఇనుప గరిటె గంగాళం అడుగును తాకి, గీరి, మళ్ళీ తాకుతున్న చప్పుడు. ఆత్మకూరు ఇంకా కనబడలేదు. దారికి అడ్డంగా ఎర్రమట్టి దిబ్బ, దిబ్బ మీద ఆకు రాలిన తుమ్మలు, తుమ్మల మీద మబ్బు లేని ఆకాశం. కానీ వెంగమ్మకు ఆ చప్పుడు చాలు. నిండు గంగాళంలో మునిగిన గరిటె బుడుంగుమంటుంది. సగం గంగాళంలో తిరిగే గరిటె జలజలమంటుంది. అడుగున నాలుగు మెతుకులు మాత్రమే మిగిలినప్పుడే గరిటెకు అట్లా గొంతు బొంగురుపోతుంది.

"గంజి నిండుకోవచ్చింది," అనుకుంది వెంగమ్మ, అడుగు జోరు పెంచింది.

అయిపోవచ్చింది అని మాత్రం అనుకోలేదు. ఆమె పుట్టిన ఇంట్లో ఏదీ అయిపోయేది కాదు. బియ్యం కుండ అడుగు కనిపిస్తే బియ్యం నిండుకున్నట్టు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. పుస్తెలతాడు తెగదు, పెరుగుతుంది. పాము కరవదు, పురుగు ముట్టుకుంటుంది. గడప దాటేవాళ్ళెవరూ వెళ్ళరు, వెళ్ళి వస్తారు. ఈ మర్యాదలన్నీ వెంగమ్మకు ఉగ్గుగిన్నెతో పోసింది వాళ్ళ అవ్వ. ఆ అవ్వ తన జన్మలో ఒక్క చెడ్డమాట అనకుండానే చుట్టుపక్కల పల్లెల్లో అందరినీ తిట్టగలిగిన మనిషి.

అనగూడని మాటలన్నిటిలోకీ పెద్దది మొగుడి పేరు. ఆ పేరు ఆడదాని నోట పడితే ఆ మగవాడి ఆయుస్సులో కొంత రాలిపోతుందని అవ్వ చెప్పింది. ఎంత రాలుతుందో చెప్పలేదు. వెంగమ్మ ఆ పేరును ముట్టుకోకుండానే కాపురం చేసింది. పిలవాలంటే "మామా" అనేది. పక్కింటివాళ్ళతో చెప్పాలంటే "మా ఇంటి కంబళి" అనేది, "నిద్రలో ఎద్దులను అదిలించే ఆయన" అనేది, కోపం వస్తే "ఆ పెద్దమనిషి" అనేది. ఆ పేరున్న కొండ ఒకటి ఉంటే ఆ కొండ పేరు కూడా వదిలేసింది. ఉదయగిరి దుర్గం కింద బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెను ఏడిపించడానికి ఆ కొండ సంగతి పదేపదే ఎత్తేవాళ్ళు. వెంగమ్మ బిందె అంచు మీదనుంచి నవ్వి, "ఏ కొండో నాకు తెలియదమ్మా, నేను గుడ్డిదాన్ని," అనేది.

ఆమె నోట రాని పేరును ఆమెకంటే ముందు మనం అనడం మర్యాద కాదు. మనమూ ఆయన అనే అందాం.

ధాత నామ సంవత్సరంలో వాన ముఖం చాటేసింది. మరుసటి ఏడు ఈశ్వర వచ్చినా చూపించలేదు. జొన్న చేను నిలువునా ఎండిపోతే, ఆయన ఆత్మకూరు దగ్గర సర్కారు రోడ్డు పనికి పోయాడు. మొన్న అదే పని నుంచి తిరిగివచ్చిన ఓబయ్య ఇంటి ముందు నిలబడి కబురు చెప్పాడు. ఆయనకు జ్వరం తగిలిందట. రోడ్డు పక్కన కూలబడితే ఎత్తి ఒక మట్టిగోడ లోపల వేశారట. అక్కడి మగవాళ్ళను ఒకటి రెండు రోజుల్లో ఇంకెక్కడికో తోలుకుపోతారట. వెంగమ్మ అత్తగారికి చెప్పి, గుప్పెడు వేయించిన చింతగింజలు కొంగున కట్టి, దుత్తలూరు మీదుగా నడక పట్టింది.

దిబ్బ దిగగానే ఆవరణ కనిపించింది. మట్టిగోడ, గోడ మీద ముళ్ళకంప, ఒకే ఒక తలుపు, తలుపుకు గొళ్ళెం. గోడలో తల పట్టనంత కంత ఒకటి. ఆ కంత ముందు గంగాళం పెట్టుకుని ఒక పెద్దామె గంజి పోస్తోంది. కంతలోంచి ఒక చేయి ముంతతో బయటికి వస్తుంది, నిండగానే లోపలికి పోతుంది, ఇంకో చేయి వస్తుంది.

తలుపు దగ్గర ఈటె పట్టుకుని బంట్రోతు ఒకడు నిలబడి ఉన్నాడు. పేరు హుసేనయ్య అని తర్వాత తెలిసింది.

"అన్నా, కరువు పాకలు ఇయ్యేనా?"

బంట్రోతు ఉలిక్కిపడ్డాడు. అటూ ఇటూ చూసి, ఈటెతోనే ఆమె మాటను వెనక్కి నెట్టేటట్టు ఊపాడు. "ష్! ఏందమ్మే నువ్వు? ఆ మాట ఈడ అనగూడదు."

"ఏ మాటన్నా? పాకలా?"

"పాకలు గాదు. దాని ముందర అన్నావే, అది."

"కరు..."

"అనబాక అంటే మళ్ళా అంటావే! ఆ మాట జిల్లాలో లేదు. పైనుంచి హుకుం వచ్చినాది. లేనిదాన్ని ఉండాదని అంటే అబద్ధం గదా? పోయిన నెల ఒక బంట్రోతు నోరు జారినాడు. ఇప్పుడు కలిగిరి రోడ్డు మీద కంకర కొడతా ఉండాడు."

"మరి దాన్ని ఏమనాల?"

హుసేనయ్య నిటారుగా నిలబడి, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. "వర్షలోప జనిత ధాన్యకృశత."

వెంగమ్మ చెంపలు వేసుకుంది. "అది తగిలితే వేపమండలు కట్టాల్నా అన్నా?"

"నవ్వబాకమ్మే, నా నోరు తిరిగేదానికి వారం పట్టినాది. ఇది విశ్రాంతి ఆవరణం. లోపల ఉండేవాళ్ళు అతిథులు. ఆ గంగాళంలో ఉండేది బలద్రవం."

"అతిథులైతే తలుపుకు గొళ్ళెం ఎందుకు?"

"మొహమాటపడి మజ్జలో లేచిపోకుండా."

"బలేగా ఉండాదన్నా మర్యాద! మా ఇంట్లో చుట్టాలకు గొళ్ళెం పెట్టాలని మాకు తోచనే లేదు." వెంగమ్మ గొంతు తగ్గించింది. "ఆ అతిథుల్లో నా మనిషి ఒకాయన ఉండాడు. తోలకపోదామని వచ్చినాను."

హుసేనయ్య ఈటెతో చూపిన చోట, తాటాకు పందిరి కింద, పీట ముందు గుమాస్తా నారాయణయ్య కూర్చుని ఉన్నాడు. చెవిలో కలం, తల మీద మడత చెదరని తలపాగా. ఈ మాటలన్నీ పుట్టింది ఆ చెవి కలంలోంచే. నెల్లూరు నుంచి ఇంగ్లీషులో హుకుములు వచ్చేవి. ఫలానా మాట వాడవద్దు, మెత్తని మాట చూడండి అని. చూడగలిగినవాడు తాలూకాలో నారాయణయ్య ఒక్కడే. ఎంత గట్టి మాటనైనా సంస్కృతంలో నానబెట్టి, పళ్ళు లేనివాడు కూడా నమలగలిగేటట్టు చేసి ఇస్తాడని పేరు.

దగ్గరికి పోయేసరికి వెంగమ్మకు ఇంకొకటి కూడా కనిపించింది. ఆ తలపాగా కింది ముఖం కంతలోంచి వచ్చే చేతుల కంటే ఏమంత పుష్టిగా లేదు. పంచె నడుము చుట్టూ అవసరమైనదాని కంటే ఎక్కువసార్లు తిరిగి ఉంది.

"ఏమ్మా, ఏం కావాలి?"

"నా మనిషి లోపల ఉండాడు సామీ. జ్వరంతో ఉండాడంట. ఇంటికి తోలకపోతాను."

"తోలుకుపోవడం అనరాదు. స్వజన సమర్పణం." గుమాస్తా సంతోషంగానే కలం చెవిలోంచి తీశాడు. "మంచిది. అతిథులు తగ్గితే మాకూ తేలిక. పేరు?"

"వెంగమ్మ."

"నీది కాదు. ఆయనది."

వెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదెట్ట చెప్పేది సామీ?"

"నోటితో."

"నోటితో అన్నం తింటారు సామీ. మొగుడి పేరు చెప్తారా?" అని, కొంచెం ఆలోచించి, బావి దగ్గర ఆడవాళ్ళు తనను ఆడించిన ఆటనే ఆమె గుమాస్తా ముందు పెట్టింది. "మా ఊరికి ఉత్తరాన ఒక కొండ ఉండాది. కొండ మీద ఒక సామి ఉండాడు. వారమంతా తలుపేసుకుంటాడు. శనివారం ఒక్కరోజే తీస్తాడు. ఆ కొండ పేరే మా ఆయన."

గుమాస్తా కళ్ళు మెరిశాయి. కలం సిరాలో మునిగి, కాగితం మీదికి వచ్చి, కాగితానికి వెంట్రుకవాసి ఎత్తున ఆగిపోయింది.

"తెలిసిందా సామీ?"

"తెలిసింది."

"రాసుకోండి మరి."

"రాయరాదు." ఆయన కలాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. ముఖంలో నిజంగానే నొప్పి కనిపించింది. "స్వముఖ నామోచ్చారణం జరగాలి. అంటే నీ నోటితో, నాకూ ఆ బంట్రోతుకూ వినబడేటట్టు, నువ్వే చెప్పాలి. నేను పేరు అందించి నువ్వు తల ఊపితే చెల్లదు. పోయిన పక్షంలో ఒక మోతుబరి వచ్చాడు. లోపల తమ్ముళ్ళున్నారన్నాడు. మావాళ్ళు పేర్లు చదివారు, ఆయన ప్రతి పేరుకూ తల ఊపాడు. బండెడు తమ్ముళ్ళను తోలుకుపోయి కూలి లేకుండా బావి తవ్వించుకున్నాడు. ఆనాటి నుంచి ఈ కట్టడి."

వెంగమ్మకు ఆ కట్టడిలో తప్పేమీ కనబడలేదు. అదే చిక్కు. తప్పు కనిపించి ఉంటే పోట్లాడేది.

"ఆనవాళ్ళు చెప్తాను సామీ. ఎడం చెవి తమ్మె చీలి ఉంటాది, కోడె కొమ్ము విసిరినాది. నిద్రలో హో హో అని ఎద్దుల్ని అదిలిస్తాడు. పక్కన పడుకున్నోళ్ళను అడగండి, అదిలింపులు తినే ఉంటారు."

"నామం కావాలమ్మా. లక్షణం కాదు."

గంజి పోసే పెద్దామె గరిటె భుజాన వేసుకుని పందిరి కిందికి వచ్చింది. ఆమె పేరు తిరుపాలమ్మ. గంగాళం నిజంగానే నిండుకున్నది.

"ఏందయ్యో గుమాస్తా, ఆడకూతురి నోట మొగుడి పేరు కక్కిస్తావా? నీకు అక్కచెల్లెళ్ళు లేరా? ఇట్రామ్మే, నేను చెప్తాను." కొండ పొడుపు తన చెవినా పడిన తిరుపాలమ్మ వెంగమ్మ చెవిలో ఆ పేరు అంది. వెంగమ్మ సిగ్గుపడి తల ఊపింది. "ఇదిగో, రాసుకో. అతని పేరు..."

"ఆగు! నీకు ఆయన ఏమవుతాడు?"

"ఏమీ గాడు. దినామూ గంజి పోస్తాను."

"బలద్రవం. ఆయన్ను ఎప్పుడైనా చూశావా?"

"కంతలో చేతులు తప్ప నాకేం కనబడతాయి? చేతుల్ని అడిగితే పేర్లు చెప్తాయా?"

"అయితే నీ సాక్ష్యం అసంబద్ధం."

"నీ బొంద సంబద్ధం!" అంది తిరుపాలమ్మ. గుమాస్తా ఈ మాటకు మెత్తని మాట వెతికేలోపల వెంగమ్మ గోడ దగ్గరికి పోయింది. పేరు పెట్టకుండా పిలవడం ఆమెకు చేతగానిదా? ఇన్నేళ్ళూ చేసింది అదే. రెండు చేతులూ నోటికి చుట్టి పొలం గట్టు మీదినుంచి పిలిచినట్టు పిలిచింది.

"మామోయ్!"

గోడ అవతల గుప్పున కలకలం. "ఏమే!" అంది ఒక గొంతు. "వస్తా ఉండా!" అంది ఇంకొకటి. "యాడుండావే?" అని నాలుగు మూలల నుంచీ నాలుగు గొంతులు. ఆవరణంలో పెళ్ళయినవాడల్లా ఎవరికో ఒకరికి మామే గదా.

"ఉదయగిరి మామా!" అని సరిదిద్దింది వెంగమ్మ.

"ఉదయగిరోడు గాకపోతే పనికిరాడా పాపా?" అన్నాడు ఒక ముసలి గొంతువాడు. "నాది దుత్తలూరే, దగ్గరే!" గోడ వెనక నవ్వులు పగిలాయి. బలద్రవం మీద బతుకుతున్న నవ్వులు, సన్నగా, గాలి ఎక్కువగా. హుసేనయ్య కూడా ఈటె మీద ఆనుకుని నవ్వాడు. వెంగమ్మా నవ్వింది. నవ్వుతూనే చెవి ఒగ్గి వింది.

అన్ని గొంతులూ ఉన్నాయి. ఆయన గొంతు లేదు.

నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది గాని లోపలినుంచి ఎవరో దాని ఊతకర్ర లాగేసినట్టయింది. వెంగమ్మ పందిరి కిందికి తిరిగివచ్చింది.

"సామీ, ఆయన పలకలేదు. ఉండాడా?"

గుమాస్తా నేల చూశాడు. "లోపల రెండు రకాలమ్మా. సంఖ్యలో స్థిరంగా ఉన్నవారు కొందరు. సంఖ్య నుంచి విరమించినవారు కొందరు."

"విరమించినోళ్ళంటే? ఇళ్ళకు పోయినారా?"

"ఇళ్ళకు కాదు."

"మరి యాడికి?"

గుమాస్తా తలపాగా సర్దుకున్నాడు. తిరుపాలమ్మ భుజం మీది గరిటె దించి పక్కకు తిరిగింది. మెత్తని మాట ఎంత మెత్తనిదో వెంగమ్మకు అప్పుడు తెలిసింది. అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడిపోతుంది, కింద నేల తగలదు.

ఆ సమయానికే ఎడ్లబండ్లు వచ్చాయి. దుమ్ము లేపుకుంటూ ఒకదాని వెనక ఒకటి ఆవరణం ముందు నిలిచాయి. బండ్లు తోలేవాళ్ళు దిగి, ఎద్దులను విప్పకుండానే నీళ్ళు చూపించారు. వెంటనే బయలుదేరే బండ్లని ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఇయ్యేంది?" అంది వెంగమ్మ.

"తీరవిహార సౌకర్యం," అన్నాడు హుసేనయ్య, ఈసారి అప్పజెప్పినట్టు కాక గొణిగినట్టు. "లోపలున్న మగోళ్ళను సముద్రం ఒడ్డుకు తీసకపోతారు. పాపం, వాళ్ళు తీర్థస్నానం అనుకుంటా ఉండారు. ఒకడు ఎవరికి పిండం పెట్టాల్నో కూడా లెక్కేసుకుంటా ఉండాడు."

"స్నానం గాదమ్మే," అంది తిరుపాలమ్మ. "ఆడ ఉప్పునీళ్ళ పక్కన సర్కారు కొత్త కాలవ తవ్వుతా ఉండాది. నడుములోతు బురద. జ్వరం మనిషిని దాంట్లో దించితే..." మిగిలింది ఆమె కూడా అనలేదు. ఆమె పుట్టిన ఇంట్లోనూ ఒక అవ్వ ఉండి ఉంటుంది.

వెంగమ్మ గుమాస్తా పీట ముందు నేల మీద చతికిలబడింది. ఏడవడానికి కాదు. బేరానికి. సంతలో మేకపిల్లను కొనేటప్పుడు కూడా ఆమె అట్లాగే కూర్చునేది.

"సామీ, ముందు ఒక్కటి చెప్పండి. సంస్కృతం వద్దు. బతికుండాడా, లేదా?"

నారాయణయ్య ఆమె వంక చూశాడు. బండ్ల వంక చూశాడు. తర్వాత ఎవరో తన గొంతులోంచి మాట్లాడుతున్నట్టు, తేలిగ్గా, తొందరగా అన్నాడు. "బతికే ఉన్నాడు. పొద్దున నేను చూశాను. చెవి తమ్మె చీలి ఉంది. గోడ వారగా పడుకున్నాడు. పలకడానికి గొంతు లేదు. బండెక్కితే బతకడు."

మాట పూర్తయ్యాక ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇంత చిన్న చిన్న మాటలు నోట పట్టి ఎన్ని నెలలయిందో.

వెంగమ్మ కళ్ళు మూసుకుని ఒక గుక్క గాలి మింగింది. "దండాలు సామీ. ఇప్పుడు తలుపు తీయించండి."

"పేరు చెప్పు, తీయిస్తాను."

"అంటే ఆయన ఆయుస్సు తరుగుతాది సామీ. ఇప్పుడు ఆయన కాడ ఉండేదే అంతంతమాత్రం. దాంట్లో నేనొకదాన్ని చేయి పెట్టేదా?"

"అదంతా నమ్మకం, అమ్మాయీ. మాట వల్ల మనిషికి ఏమీ కాదు. పేరు ఒట్టి శబ్దం."

వెంగమ్మ తల ఎత్తింది. ఇంత కష్టంలోనూ ఆమె కంటి కొసన ఏదో కదిలింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఉంటే గుర్తుపట్టి కాస్త దూరం జరిగేవాళ్ళు.

"ఒట్టి శబ్దమా సామీ?"

"ఒట్టి శబ్దమే."

"అయితే పైన ఆకాశంలో ఏడాదిగా మబ్బు లేదు, కింద నేల మీద గింజ లేదు. ఎద్దులు పోయినాయి, మనుషులు పోతా ఉండారు. దీన్ని ఏమంటారు, చెప్పండి."

"వర్షలోప జనిత..."

"అది మీరు పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు అడగతా ఉండా."

గుమాస్తా చెయ్యి తలపాగా దాకా పోయింది. "అది అనరాదు."

"ఒట్టి శబ్దమే గదా."

తిరుపాలమ్మ గరిటెను నేలకు ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని, మంచి ఆట చూడడానికి సర్దుకున్నట్టు నిలబడింది. హుసేనయ్య తలుపు వదిలి రెండడుగులు ఇటు వేశాడు.

"అది సర్కారు హుకుం," అన్నాడు నారాయణయ్య.

"ఇది మా అవ్వ హుకుం. మీ సర్కారు నెల్లూరు నుంచి కాగితం పంపినాది. మా అవ్వ దగ్గరుండి చెవి మెలిపెట్టి చెప్పినాది."

"నేను అంటే నా ఉద్యోగం పోతుంది."

"నేను అంటే నా మనిషి పోతాడు. ఏది పెద్ద నష్టమో మీరే చెప్పండి." వెంగమ్మ ఇంకొంచెం ముందుకు జరిగింది. "బేరం ఒకటి చెప్తాను సామీ. మీరు అనగూడని మాట మీరు అనండి. పిడుగు పడకపోతే, నేను అనగూడని మాట నేను అంటాను. మీ మాటేమో మీకు చుట్టం గాదు, పక్కం గాదు, మూడు ముళ్ళు వేసింది అంతకన్నా గాదు. దాన్నే అనలేని మీరు, నా తాళి కట్టినోడి పేరు గట్టిగా అరవమంటారే!"

"నువ్వు చాలా..." గుమాస్తా మెత్తని మాట కోసం వెతికి, దొరక్క, "గడుసుదానివి," అన్నాడు.

"మీ ఇంటామె మీ పేరు ఎప్పుడన్నా అన్నిందా సామీ?"

నారాయణయ్య నవ్వబోయి ఆగాడు. చేజర్లలో ఉన్న ఇల్లు, అక్కడి నుంచి రోజురోజుకూ తేలికవుతూ వస్తున్న అన్నం మూట, దాన్ని కట్టే చేతులు ఆయన కళ్ళ ముందు కదిలి ఉండాలి. "లేదు," అన్నాడు నెమ్మదిగా. "నా పేరు ఆమె గొంతులో ఎట్లా ఉంటుందో నాకు తెలియదు." ఎవరూ అడగకుండానే, ఇంకొక మాట కూడా అన్నాడు. "నిన్న మూటలో చింతచిగురు ఉడకబెట్టి పెట్టింది. అన్నం లేదు. నేను దాన్ని లఘుభోజనం అనుకుని తిన్నాను."

బండి ఎద్దు ఒకటి మెడ విదిలించింది. గంటలు మోగాయి. బండివాడు "ఇంక ఎక్కించండయ్యా, పొద్దు వాలతా ఉండాది!" అని కేకేశాడు.

గుమాస్తా లేచి నిలబడ్డాడు. తలపాగాను రెండు చేతులతో పట్టుకుని, గాలిదుమారంలో నిలబడినవాడిలాగా, పెదవులు కదిలీ కదలకుండా ఏదో అన్నాడు.

"వినబళ్ళా," అంది తిరుపాలమ్మ. "నీకూ, బంట్రోతుకూ, ఇద్దరికీ వినబడాల. కట్టడి నీదే గదా."

"కరువు."

"నాకు అరకొరగా వినబడినాదయ్యా," అన్నాడు హుసేనయ్య, నిజాయితీగానే.

"కరువు! కరువు హుసేనయ్యా! ధాతలో పుట్టి ఈశ్వరలో కూడా చావని కరువు! ఆ గోడ వెనక ఉన్నవాళ్ళు అతిథులు కారు, ఆకలిగొన్నవాళ్ళు! అది బలద్రవం కాదు, గంజి! గంజి కూడా కాదు, తెల్లనీళ్ళు! నాకు కూడా ఆకలి వేస్తోంది!"

గోడ వెనక నుంచి ఇందాకటి ముసలి గొంతు, "అవునయ్యా, కరువే," అంది, తప్పిపోయిన ఆవును గుర్తుపట్టినట్టు. "కరువే, కరువే," అన్నాయి తక్కిన గొంతులు. తమ ఒంట్లో ఉన్న జబ్బు పేరు చాలాకాలానికి వైద్యుడి నోట విన్నవాళ్ళ గొంతులు అవి. బాధ ఏమీ తగ్గలేదు. కానీ బాధపడుతున్నది తామొక్కరే కాదని తేలింది.

అందరూ ఆకాశం చూశారు. మబ్బు లేదు, మెరుపు లేదు. నారాయణయ్య తలపాగా ఉన్నచోటే ఉంది.

"పిడుగు పళ్ళా," అన్నాడు హుసేనయ్య, కొంచెం నిరాశగా. "పడినా బాగుండు. దాని వెనకాలే వానన్నా వచ్చేది."

నారాయణయ్య చెమట తుడుచుకుని కూర్చున్నాడు. కలం చెవిలోంచి తీసి సిరాలో ముంచాడు. ఇందాకటి కంటే పదేళ్ళు చిన్నవాడిలా కనిపించాడు. "నా వంతు అయింది. ఇక నీ వంతమ్మా."

వెంగమ్మ లేచింది. కొంగు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. ముఖం పెళ్ళినాటి కంటే ఎర్రబడింది. గోడ దగ్గరికి పోయి, మట్టి మీద అరచేయి ఆనించి నిలబడింది. పేరు గుండెలోంచి బయలుదేరి గొంతు దాకా వచ్చింది. అక్కడ పాత కాపలాదారు ఎవరో అడ్డం నిలబడితే మళ్ళీ లోపలికి పోయింది. ఇంటి కంబళి, పెద్దమనిషి, ఎద్దులను అదిలించే ఆయన, ఇన్నేళ్ళూ తను కుట్టి కుట్టి ఆయనకు తొడిగిన మాటలన్నీ వరసగా వచ్చి, మేమున్నాం కదా అన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆ గొళ్ళెం తీయలేదు. ఆయుస్సు తరిగితే తరగనీ, తరిగినంత నాది తీసుకో అని ఎవరితోనో గొణిగింది. బండివాడు కొరడా ఝళిపించాడు.

వెంగమ్మ తల ఎత్తింది. ఉదయగిరి దుర్గం మీద కూర్చున్నవాడికి కూడా వినబడాలన్నంత గట్టిగా, మొదటిసారి రుచి చూస్తున్న పండును కొరికినట్టు, ప్రతి అక్షరాన్నీ విడివిడిగా, నిండుగా పిలిచింది.

"మాల్యాద్రీ!"